పూజ మీది, గోడ నాది

“గోడల మేడమ్ పోయింది గదక్కా, నీకు తెల్వదా?”

అశోక్‌నగర్ జిరాక్స్ షాపు అన్న మిషన్ మూత ఎత్తి, కాగితం తిప్పి వేస్తూ ఈ మాట అన్నాడు. 2014 ఎండాకాలం. ఆఫీసు పనిమీద జిల్లా నుంచి వచ్చి, పాత పరిచయం కదా అని ఆయన షాపుకే వెళ్లాను. ఎప్పుడన్నా అంటే నెల దాటిందన్నాడు. “నీకు ఎవరన్న చెప్పే ఉంటరనుకున్న. నువ్వే గదా ఆమె ఎంబడి తిరిగేది” అన్నాడు. నాకు ఎవరూ చెప్పలేదు. కాగితాలు తీసుకుని బయటికి వచ్చి, ఎటు వెళ్లాలో తోచక, ఆటోలు అడ్డదిడ్డంగా ఆగే ఆ మలుపులో కాసేపు అలాగే నిలబడిపోయాను.

పేరు చెప్పను. చెప్పినా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. చిక్కడపల్లిలో ఇల్లు, నారాయణగూడలో మిఠాయి దుకాణం మీద ఒక గది ఆఫీసు, రెంటి మధ్యా రోజూ నడక. గంజి పెట్టిన నేత చీర, దాని కింద బడిపిల్లలు వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు. భుజాన సంచి, సంచిలో చేతిరుమాలులో చుట్టిన చిన్న సుత్తి. ఎక్కడికి వెళ్లినా ముందు గోడ తట్టేది. బ్యాంకులో, బట్టల కొట్లో, పెళ్లి భోజనాల వరసలో నిలబడి కూడా. సుత్తి తీసే చనువు లేనిచోట వేలి కణుపుతో తట్టేది. తల కాస్త పక్కకు వంచి వినేది. “డొల్ల” అనేది, లేదా ఏమీ అనేది కాదు. ఏమీ అనలేదంటే గోడ మంచిదని అర్థం. మనుషులను మెచ్చుకోవడం కూడా ఆమెకు అంతవరకే వచ్చు.

ఆమె ఇంజనీరు. ఇల్లు ఎంత అందంగా ఉండాలో చెప్పే రకం కాదు, అది కూలకుండా ఎలా నిలబడాలో లెక్క కట్టే రకం. నేను ఆమెను మొదట చూసింది 2010లో, అశోక్‌నగర్‌లో నేనుండే లేడీస్ హాస్టల్లో. మా ఓనరుకు పైన ఇంకో అంతస్తు వేసే ఆలోచన వచ్చి, చూడమని ఆమెను తీసుకొచ్చాడు. తలుపు కొట్టకుండా మా గదిలోకి వచ్చి, నా మంచం పక్కనున్న గోడను తట్టింది.

“ఇది గోడ కాదండీ. గోడ వేషం వేసుకున్న చెక్క” అంది ఓనరుతో. తర్వాత నా చేతిలో పుస్తకం చూసి, “ఏం చదువుతున్నావమ్మాయ్?” అంది.

“బీటెక్ సివిల్ అయిపోయింది మేడమ్. ఏఈ పోస్టుకు ప్రిపేర్ అవుతున్న.”

“అయితే చెప్పు. గోడ ఎందుకు?”

“రూములు వేరు చేసేటందుకు.”

“పరదా కట్టినా వేరవుతాయిగా.”

నాకు ఒళ్లు మండింది. నిద్రపోతున్న దాన్ని లేపి వైవా పెట్టినట్టుంది వ్యవహారం. “బరువు మోసేటందుకు” అన్నాను.

“దానికి స్తంభాలున్నాయిగా.”

“ఏమో మేడమ్, నాకు తెల్వది. మీరే చెప్పుండ్రి.”

చెప్పలేదు. లేచి నిలబడమంది. నిలబడ్డాను. భుజం మీద ఒక్క తోపు తోసింది. అమ్మో అని ఒక కాలు వెనక్కి వేసి నిలదొక్కుకున్నాను. “చూశావా, కాలు వెనక్కి వేశావు గనక పడలేదు. భూమి కదిలినప్పుడు మేడను కూడా ఇలాగే పక్కకు తోస్తుంది. పాపం, దానికి వెనక్కి వేయడానికి కాలుండదు. అందుకే గోడ” అంది. ఓనరుకు ఇంకో అంతస్తు కుదరదని చెప్పి వెళ్లిపోయింది. ఆయన ఆమెను నాలుగు తిట్టి ఇంకో ఇంజనీరును వెతుక్కున్నాడు. నేను మాత్రం మర్నాడు అడ్రసు కనుక్కుని నారాయణగూడ వెళ్లాను. పొద్దున ఆమె ఆఫీసులో డ్రాయింగులు గీయడం, మధ్యాహ్నం చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకోవడం. ఉద్యోగం వచ్చేదాకా అదే నా బతుకయింది.

ఆఫీసులో మేమిద్దరమే. కింద నుంచి నెయ్యి వాసన పైకి వచ్చి, పది గంటలకే ఆకలయ్యేది. ఆమె టిఫిన్ క్యారియర్‌లో ఎప్పుడూ ఒక అప్పడం, రెండు చపాతీలు అదనంగా ఉండేవి. అవి తినడానికి కాదు, పాఠానికి. ఎవరు పనిమీద వచ్చినా అప్పడం చేతికిచ్చి “వంచండి” అనేది. అది ఫట్‌మని విరిగేది. తర్వాత చపాతీ ఇచ్చేది. “భూకంపంలో మేడ అప్పడంలా ఉండకూడదు, చపాతీలా ఉండాలి. వంగినా ఫరవాలేదు, చిరిగినా ఫరవాలేదు. లోపలి మనుషులు బయటికి నడిచి వచ్చేదాకా పడకూడదు.” వచ్చినవాళ్లు కొందరు అప్పడం తినేసి వెళ్లిపోయేవాళ్లు.

ఆమె ప్రాణమంతా ఒక రకం గోడ మీద ఉండేది. రెండు ఉక్కు పలకలను ఎదురెదురుగా నిలబెడతారు. వాటి లోపలి వైపు గుండీ తలల్లాంటి స్టడ్లు వరసలుగా వెల్డింగ్ చేసి ఉంటాయి. మధ్య ఖాళీలో కాంక్రీటు పోస్తారు. అది గట్టిపడి స్టడ్లను పట్టుకుంటుంది, ఉక్కూ కాంక్రీటూ ఒకే గోడ అవుతాయి. “ఉక్కు ఒక్కటే ఉంటే నలిగి ముడుచుకుంటుంది. కాంక్రీటు ఒక్కటే ఉంటే పగిలి రాలుతుంది. ఒకదాని బలహీనత ఇంకొకటి కాస్తుంది” అనేది. బంద్‌లూ ధర్నాల రోజులవి. నేను ఊరుకోకుండా, “అంటే మీ ఆంధ్రా ఇనుము, మా తెలంగాణ కంకర అన్నట్టు” అన్నాను ఒకసారి. “స్టడ్లు ఎవరు మరి?” అంది. నేను ఆలోచిస్తుంటే, “ముందు ఆ డ్రాయింగు పూర్తి చెయ్” అంది. బంద్ రోజు కూడా ఆఫీసుకు నడిచి వచ్చిన మనిషితో ఇంకేం వాదిస్తాం?

ఇలాంటి గోడలతో ఈ ఊళ్లో ఒక్క మేడ లేపాలి. ఆమె కోరిక ఇంతే. వినే నాథుడు లేడు. “హైదరాబాదుకు భూకంపం ఏంది మేడమ్, రాయి మీద కూసున్న ఊరు” అని బిల్డర్లు నవ్వేవాళ్లు. వాళ్ల మాటలోనూ తప్పు లేదు, ఇక్కడ ఆ భయం తక్కువే. ఆమెకూ తెలుసు. కానీ వయసులో ఉన్నప్పుడు, భూకంపం వచ్చిన ఊరొకటి చూడ్డానికి ఇంజనీర్లతో కలిసి వెళ్లిందట. అక్కడ ఆసుపత్రే కూలిపోయింది. దెబ్బలు తగిలినవాళ్లను మంచాల మీద మోసుకొచ్చి, ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియక రోడ్డు మీద దించి నిలబడ్డారట. ఈ సంగతి నాతో ఒక్కసారే చెప్పింది, చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. “ఇళ్ల సంగతి వదిలెయ్. ఆసుపత్రి పడకూడదు” అంది.

2012లో ఆమె మాట విన్న మనిషి ఒకడు దొరికాడు. నారాయణగూడ సందులో చిన్న నర్సింగ్ హోమ్ నడిపే డాక్టరు. పాత ఇల్లు తీసేసి అయిదంతస్తులు కట్టబోతున్నాడు. ఆయనకు అప్పడం ఇవ్వలేదు. “భూకంపం వస్తే జనం ఎక్కడికి పరిగెత్తుతారు డాక్టర్ గారూ?” అని అడిగింది.

“ఇంకెక్కడికి, మా దగ్గరికే.”

“మీరెక్కడికి పరిగెత్తుతారు?”

డాక్టరు ముందున్న ప్లాను కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత, “సరే మేడమ్, మీరన్నట్టే కడదాం” అన్నాడు. గోడలు సన్నగా వస్తాయి, గదులు పెద్దవవుతాయి అన్న లెక్క కూడా ఆయన మనసులో ఉండే ఉంటుంది. ఉంటే ఉండనీ. ఆ రోజు ఆమె కిందికి వెళ్లి పావుకిలో జిలేబీ తెచ్చింది. రెండేళ్లలో ఆమె నాకు ఏదైనా తినిపించడం అదే మొదలు. నోటినిండా జిలేబీ పెట్టుకుని, “ఇందులో అసలు కిటుకు ఏమిటో తెలుసా అమ్మాయ్? ఏది ముందు లొంగాలో మనమే ముందు తేల్చుకోవాలి. తలుపుల మీది దూలాలు మొదట లొంగాలి. తర్వాత గోడ అడుగుభాగం, అదీ కొంచెం. అవి అలా లొంగితేనే మిగతాది మిగులుతుంది” అంది. ఎంత సంతోషం ఆ మొహంలో! ఆ మొహం నేను మళ్లీ చూడలేదు.

ఆమెకు ఒక అలవాటుండేది. శంకుస్థాపన గానీ, స్లాబు ముహూర్తం గానీ, పూజ జరిగే చోట ఉండేది కాదు. పూజ అయ్యాక వచ్చేది. ఎవరైనా బలవంతపెడితే, “పూజ మీది, గోడ నాది. ఎవరి పని వాళ్లం చేసుకుందాం” అని నవ్వేసేది. నాస్తికురాలేమో అనుకునేదాన్ని. కాదు, ఇంట్లో రోజూ దీపం పెట్టేది. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆమె భర్త చాలా ఏళ్ల కిందటే పోయాడు. ఆ కొత్తలో ఒక సైటులో పూజ దగ్గర నిలబడితే, ఆ ఇంటావిడ ఎవరో పసుపు కుంకుమ పళ్లెం ఈమె ముందు నుంచి మెల్లగా పక్కకు జరిపిందట. అంతే, ఆమె మళ్లీ ఏ పూజకూ వెళ్లలేదు. దాన్ని బాధగా చెప్పేది కాదు, సామెతలా మార్చుకుంది.

నర్సింగ్ హోమ్‌లో మొదటి గోడకు పలకలు నిలబెట్టారు. కాంక్రీటు పోసే ముందు రోజు సాయంత్రం ఆమె నిచ్చెన ఎక్కి, టార్చి వేసి, లోపల స్టడ్లన్నీ చూసుకుంది. చిన్న తుక్కు కూడా లేదు. మర్నాడు పొద్దున్నే ముహూర్తం, ఆ వెంటనే కాంక్రీటు. మేం యథాప్రకారం పూజ అయ్యాక వెళ్లాం. కాంక్రీటు అప్పటికే పడుతోంది. నిన్ననే చూసింది గనక మళ్లీ లోపలికి చూడలేదు.

కాంక్రీటు గట్టిపడ్డాక సుత్తితో తట్టుకుంటూ వచ్చింది. మోకాలి ఎత్తున ఒకచోట ఆగింది. మళ్లీ తట్టింది. తల పక్కకు వంచింది. నాకూ వినిపించింది, ఆ ఒక్కచోట శబ్దం వేరు.

“మేస్త్రీ, ఇక్కడ లోపల ఏం పడింది?”

మేస్త్రీ తల గోక్కున్నాడు. “పడలే మేడమ్, పెట్టిన్రు. డాక్టర్ సాబ్ వాళ్లమ్మ కొబ్బరికాయ దించింది.”

“దించడమేమిటి?”

“ఎర్రగుడ్డల కట్టి, దారంతోని మెల్లగ లోపటికి ఇడిసింది. కొత్త గోడకు శాంతి అని. పలగొద్దని అంత నాజూగ్గ దించింది. పెద్దమనిషి, పూజకాడ నేనెట్ల వద్దంట మేడమ్?”

పునాదిలో నవధాన్యాలు వేసినట్టే ఇదీ అనుకుంది ఆ పెద్దావిడ. ఇనుప గోడకు లోపల ఖాళీ కనిపించింది, పెట్టింది. ఆ మూట స్టడ్ల మధ్య ఇరుక్కుపోయింది, దాని చుట్టూ కాంక్రీటు పట్టేసింది. నాకు నవ్వొచ్చింది. మేడమ్ నవ్వలేదు. “పైన ఎక్కడైనా ఇరుక్కుంటే వదిలేసేదాన్నే. ఇది అడుగుభాగం. భూమి కదిలితే గోడ లొంగాల్సిన చోటు ఇదే. వెనక కాంక్రీటు లేకపోతే పలక ఇక్కడే నలిగిపోతుంది” అంది. పలకను అంతమేర కోసి, కొబ్బరికాయ తీసి, కాంక్రీటు నింపి, మళ్లీ పలక వెల్డింగ్ చేయాలి. పెద్ద పనేం కాదు.

డాక్టరుతో అదే చెప్పింది. ఆయన నెత్తి పట్టుకున్నాడు. “మా అమ్మ సొంత చేతులతోని పెట్టింది మేడమ్. పూజ చేసిన గోడను కోస్తే అమ్మ తట్టుకోదు. పాణం మీదికి తెచ్చుకుంటది. గట్లనే ఉండనీయండి, ఒక్క కొబ్బరికాయకు ఏం అయితది?”

“అయితే రేపు మీ పేషెంట్లు కొబ్బరికాయనే నమ్ముకుంటారు. నన్నెందుకు పిలిచారు?”

ఆ మాట అనాల్సింది కాదు. డాక్టరు మొహం మాడిపోయింది. “జర ఆగుండ్రి మేడమ్” అన్నాను చెవిలో. “పద అమ్మాయ్” అని ఆమె గేటు దాటింది. ఆ వారంలోనే ఫోన్ వచ్చింది. మిగతా మేడంతా మామూలు స్తంభాలు, ఇటుక గోడలతో ఇంకో ఇంజనీరు చేత కట్టించుకుంటామని. బరువంతా స్తంభాల మీద వేసి, నిలబెట్టిన ఆ ఒక్క గోడను దేనికీ పనిలేకుండా అలాగే వదిలేశారు.

ఏది ముందు లొంగాలో తేల్చుకోవాలని అందరికీ చెప్పిన మనిషి, తను మాత్రం ఎక్కడా లొంగలేదు. మర్నాడు వెళ్లి ఒక మాట మాట్లాడదామని నేను మూడుసార్లు అన్నాను. “నేను వెళ్లి ఆ తల్లీకొడుకుల మధ్య నిలబడనా? ఏ మొహంతో? పూజలో పెట్టిన వస్తువు తీసేయమని నాలాంటిది వెళ్లి అడిగితే ఆవిడ ఏమనుకుంటుంది?” అంది. “నాలాంటిది” అన్న మాట ఆమె నోట అప్పుడే విన్నాను. నాలుగోసారి వెళ్దామని నేను అనలేదు.

ఆ పైన ఆమెకు ఉక్కు గోడల ఊసు లేదు. నీళ్ల ట్యాంకులు, కాంపౌండ్ గోడలు, వచ్చిన పని చేసేది. క్యారియర్‌లో అప్పడం రావడం మానేసింది. ఆ సంవత్సరం చివర నాకు ఉద్యోగం వచ్చి జిల్లాకు వెళ్లిపోయాను. ఫోన్ చేస్తే మొదట్లో, “మీ ఊళ్లో గోడలెలా ఉన్నాయి?” అని అడిగేది. “డొల్ల మేడమ్, అన్నీ డొల్లే” అంటే నవ్వేది. పోయినేడు చేసినప్పుడు అది కూడా అడగలేదు. ఒంట్లో బాగుండటం లేదంది, ఎండలు ఎక్కువగా ఉన్నాయంది, తిన్నావా అంది. అందరూ మాట్లాడుకునే మాటలే మాట్లాడింది. ఎంత బాధేసిందో చెప్పలేను.

జిరాక్స్ షాపు నుంచి బయల్దేరిన దాన్ని బస్టాండుకు పోలేదు. నారాయణగూడ సందులోకి పోయాను. అయిదంతస్తులూ లేచాయి, బోర్డు కొత్తగా ఉంది. లోపల లిఫ్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలమ్మ కూర్చుని వచ్చేపోయే పేషెంట్లకు దారి చెబుతోంది. డాక్టరు తల్లి. నన్ను చూసి కళ్లు చికిలించింది.

“నువ్వు ఆ గోడల మేడమ్ ఎంబడి వచ్చే పిల్లవు గదా?”

“అవును పెద్దమ్మా.”

“మేడమ్ మంచిగున్నదా?”

లేదని చెప్పాను. “అయ్యో, అయ్యో” అని రొమ్ము మీద చెయ్యి వేసుకుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరు పేషెంట్లు వచ్చి ఏదో అడిగితే అటు పొమ్మని చేత్తో చూపించింది. తర్వాత గొంతు తగ్గించి, “ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. మేడమ్ గంత సంబరంగ మొదలువెట్టి, మధ్యలనే ఎందుకు ఇడిసిపెట్టి పోయింది? కొడుకును అడిగితే ఆమెకు కోపమెక్కువ అంటడు” అంది.

నాకు అర్థం కాలేదు. “మీరు పెట్టిన కొబ్బరికాయ తీయనియ్యరని గద పెద్దమ్మా.”

“ఏ కొబ్బరికాయ?”

మొత్తం చెప్పాను. చెబుతుంటే ఆమె నోరు తెరుచుకుని వింది.

“నేను వద్దన్ననా? నన్నెవరు అడిగిన్రు?” అంది. “పూజ అయినంక కొబ్బరికాయ కొబ్బరికాయే బిడ్డా. దేవునికి చూపెడతం, తర్వాత పచ్చడి నూరుకుంటం. గోడకు అడ్డమైతే తీసి అవతల పడెయ్యాలె. గంత దానికి గోడ ఆపుకుంటరా ఎవరన్న?”

కొడుకు అబద్ధం చెప్పాడో, తల్లి మనసు తనకు తెలుసనుకున్నాడో నాకు తెలియదు. ఇప్పుడు తెలుసుకునీ లాభం లేదు. పెద్దమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

“ఆ పొద్దు నేను ఆమె కోసం చూసిన. బొట్టు పెడదామని పళ్లెం పట్టుకొని నిలవడ్డ. మేడమ్ పూజకు రాదు అన్నరు. ఎందుకు రాదు? నేను గూడ మొగుడు పోయినదాన్నే గదనే. నేనే ముందల నిలబడి చేసిన పూజ అది. ఇద్దరం కలిసి నిలవడుదుము. ‘ఇది లోపట పెట్టొద్దమ్మా’ అని ఒక్క మాట అంటుండె, నేను ఇంటుంటి.”

ఆమె ఇంకా ఏదో అంటూనే ఉంది. నేను తల ఊపుతూ వింటూ కూర్చున్నాను. ఈ మాటలు ఎవరు వినాలో ఆ మనిషి నెల కిందటే పోయింది.